జంట ఫోటాన్ల సాక్ష్యం

రహస్య సందేశాన్ని కాపాడేది కీ. సందేశాన్ని ఏ పద్ధతిలో మరుగుపరిచారో లోకమంతా తెలిసినా ఫర్వాలేదు. పంపేవారికీ, అందుకునేవారికీ మాత్రమే తెలిసిన ఆ సున్నాలు, ఒకట్ల వరుస మూడోవారి చేతికి చిక్కకపోతే చాలు. ఇబ్బందల్లా ఆ వరుసను రెండు చోట్లకూ చేర్చడంలోనే ఉంది. మనిషితో పంపితే మనిషిని నమ్మాలి, తీగ మీద పంపితే తీగను నమ్మాలి. క్వాంటమ్ గూఢలిపి ఈ ఒక్క పని కోసమే పుట్టింది: రెండు చోట్లా ఒకే కీ తయారు కావాలి, దారిలో ఎవరైనా తొంగిచూస్తే ఆ సంగతి బయటపడాలి. ఇందులో ఎంటాంగిల్‌మెంట్‌ది, అంటే రెండు ఫోటాన్లను (కాంతి కణాలను) జంటగా ముడివేసే బంధానిది, సాక్షి పాత్ర. కీ మరెవరికీ తెలియదనడానికి రుజువు ఆ జంట ఫోటాన్ల కొలతల్లోంచే దొరుకుతుంది.

ఈ రుజువు అవసరం ఇప్పుడు ఎందుకు వచ్చిందంటే, బ్యాంకు యాప్‌ల మొదలు ప్రభుత్వ వెబ్‌సైట్ల దాకా నేటి కీల మార్పిడి చాలావరకు కఠినమైన లెక్కల మీద ఆధారపడి ఉంది. ఉదాహరణకు, పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం మామూలు కంప్యూటర్లకు తలకు మించిన పని. తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్‌కు అది సులువని 1994లో పీటర్ షోర్ నిరూపించారు. అమరావతి క్వాంటమ్ వ్యాలీలో ఐబీఎం 156 క్యూబిట్ల (క్వాంటమ్ బిట్ల) యంత్రాన్ని ఏర్పాటు చేయనున్నట్టు 2025 మేలో ప్రకటించారు. ఆ స్థాయి యంత్రాలతో నేటి కీలను ఛేదించడం సాధ్యం కాదు. అయితే ఇవాళ దొంగిలించి దాచుకున్న సందేశాన్ని రేపటి యంత్రంతో విప్పవచ్చు. అందుకే చాలాకాలం రహస్యంగా ఉండాల్సిన సమాచారానికి ముప్పు ఇప్పటినుంచే మొదలైంది.

తెలంగాణలోని గోదావరిఖని, రామగుండం బొగ్గు గనుల ప్రాంతంలో ఇలాంటి సమాచారానికి కొదవ లేదు. రామగుండంలో ఎన్టీపీసీకి 2600 మెగావాట్ల పాత విద్యుత్ కేంద్రం, దాన్ని ఆనుకుని 1600 మెగావాట్ల తెలంగాణ కేంద్రం ఉన్నాయి. ఏ గంటలో ఎంత కరెంటు తయారు చేయాలన్నది లోడ్ డిస్పాచ్ సెంటర్ల షెడ్యూలును బట్టి సాగుతుంది. గనుల సంస్థ సింగరేణి కొంత బొగ్గును ఈ-వేలంలో అమ్ముతుంది. ఎక్కడ ఎంత లోతున ఎంత మందం పొర ఉందో చెప్పే భూగర్భ పటాల విలువ ఏళ్ల తరబడి తగ్గదు. గ్రిడ్ ఆదేశంలో ఒక అంకె మారినా, వేలం ధర ముందే బయటికి పొక్కినా నష్టం చిన్నది కాదు.

బెంగళూరు నుంచి హైదరాబాద్ దాకా

క్వాంటమ్ కీ పంపిణీకి తొలి పద్ధతి భారతదేశంలో జరిగిన సదస్సులోనే వెలుగు చూసింది. 1984 డిసెంబరులో బెంగళూరులో జరిగిన అంతర్జాతీయ కంప్యూటర్ సదస్సులో చార్లెస్ బెనెట్, గిల్ బ్రసార్డ్ దాన్ని ప్రతిపాదించారు. వారి ఇంటిపేర్లలోని తొలి అక్షరాలు, సంవత్సరం కలిపి దాన్ని బీబీ84 అంటారు. ఒక్కో బిట్‌ను ఒక్కో ఫోటాన్ మీద, అంటే కాంతిలోని అతి చిన్న మోతాదు మీద ఎక్కించి పంపడం ఇందులోని కీలకం. తెలియని స్థితిలో ఉన్న ఫోటాన్‌కు నకలు తీయడం ప్రకృతిలో సాధ్యం కాదు, కొలిస్తే దాని స్థితి చెదిరిపోతుంది. దారిలో ఎవరైనా ప్రతి ఫోటాన్‌నూ పట్టి, కొలిచి, మళ్లీ పంపితే కీకి మిగిలే బిట్లలో నాలుగో వంతు తప్పులు దొర్లుతాయి. కొన్ని బిట్లను బహిరంగంగా పోల్చి చూసుకుంటే దొంగతనం బయటపడుతుంది.

తెలుగు గడ్డ మీద ఈ సాంకేతికతను 2020 డిసెంబరు 9న పరీక్షించారు. హైదరాబాద్‌లోని రెండు డీఆర్‌డీవో ప్రయోగశాలలు, డీఆర్‌డీఎల్‌కూ ఆర్‌సీఐకీ మధ్య ఆప్టికల్ ఫైబర్ మీద క్వాంటమ్ కీ పంపిణీ జరిగింది. డీఆర్‌డీవోకే చెందిన బెంగళూరులోని కెయిర్, ముంబయిలోని డీవైఎస్ఎల్-క్యూటీ దీన్ని తయారు చేశాయి. ఫోటాన్ ఏ క్షణంలో చేరిందన్నదే ఇందులో బిట్. ఆ తేడాలను సెకనులో లక్ష కోట్లో వంతు స్థాయిలో కొలిచారు. 12 కిలోమీటర్లకు పైగా దూరానికి, 10 డెసిబెల్‌ల నష్టానికి భద్రతను సరిచూశారు. 10 డెసిబెల్‌లంటే బయల్దేరిన ప్రతి పది ఫోటాన్లలో ఒక్కటే గమ్యం చేరుతుంది. మూడోవారు వినడానికి ప్రయత్నిస్తే ఆచూకీ దొరకడం కూడా అక్కడ చూపించారు.

హైదరాబాద్ ప్రయోగంలో ఎంటాంగిల్‌మెంట్ లేదు. ఒక చివర ఫోటాన్లను సిద్ధం చేసి పంపుతారు, రెండో చివర కొలుస్తారు. పంపే యంత్రం చెప్పినట్టే పనిచేస్తోందని, ఒక్కో బిట్‌కు ఒక్క ఫోటాన్‌కు మించి పోనివ్వడం లేదని నమ్మాలి. అదనపు ఫోటాన్ ఒకటి వెళితే దొంగ దాన్ని పక్కకు తీసి దాచుకోగలడు. పంపే యంత్రాన్ని నమ్మాల్సిన అవసరమే లేకుండా చేసేది ఎంటాంగిల్‌మెంట్.

విడిపోయినా వీడని జత

ఒక జత చెప్పులను విడదీసి ఒకటి గోదావరిఖనికి, రెండోది హైదరాబాద్‌కు పార్సిల్ చేశారనుకుందాం. గోదావరిఖనిలో పెట్టె విప్పితే ఎడమకాలిది కనిపించింది. హైదరాబాద్‌లో ఉన్నది కుడికాలిదని ఆ క్షణమే తెలిసిపోతుంది. ఇందులో వింతేమీ లేదు. ఏది ఎక్కడికి వెళుతుందో పార్సిల్ కట్టినప్పుడే ఖాయమైంది. కట్టినవాడికి ఆ సంగతి తెలిసి ఉండవచ్చు, దారిలో ఎవరైనా విప్పి చూసి మళ్లీ అతికించి ఉండవచ్చు. ఇలాంటి జత రహస్యానికి పనికిరాదు.

ఎంటాంగిల్‌మెంట్‌లో ఉన్న ఫోటాన్ల సంగతి వేరు. వాటి ధ్రువణం, అంటే కాంతి తరంగం ఏ దిశలో ఊగుతోందన్నది, కొలిచేదాకా ఖాయం కాదు. రెండింటికీ కలిపే ఒక స్థితి ఉంటుంది, విడివిడిగా దేనికీ ఉండదు. ఒకదాన్ని కొలిస్తే సున్నా, ఒకటి సమాన సంభావ్యతతో వస్తాయి. రెండోదాన్ని అదే కోణంలో కొలిస్తే అదే ఫలితం వస్తుంది. ఏ ఫలితం రావాలో ఎవరూ శాసించలేరు కాబట్టి ఈ బంధంతో సందేశం పంపడం కుదరదు. కానీ ఇద్దరికీ ఒకేలా, పూర్తి యాదృచ్ఛికంగా వచ్చే అంకెల వరుసే కీకి కావాల్సింది.

ఇలాంటి జంటలను తయారు చేయడానికి ప్రయోగశాలల్లో లేజర్‌నూ, ప్రత్యేక స్ఫటికాన్నీ వాడతారు. 405 నానోమీటర్ల ఊదారంగు ఫోటాన్ స్ఫటికంలోంచి వెళ్లేటప్పుడు అరుదుగా రెండుగా చీలుతుంది. సగం శక్తితో, 810 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో రెండు ఫోటాన్లు పుడతాయి. కంటికి కనిపించని ఆ జంటలో ఒకటి ఈ చివరకు, మరొకటి ఆ చివరకు ప్రయాణిస్తాయి.

నాలుగింట మూడు, అంతకు మించి

ఫోటాన్లు చెప్పుల్లా ముందే జవాబు మోసుకొస్తున్నాయా, లేక కొలిచినప్పుడే జవాబు పుడుతోందా? 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ లేవనెత్తిన ఈ చర్చను పరీక్షకు నిలిచే ప్రశ్నగా మార్చినవాడు జాన్ బెల్, 1964లో. 1969లో క్లౌజర్, హార్న్, షిమోనీ, హోల్ట్ దాన్ని ప్రయోగశాలకు సరిపడేలా దిద్దారు. ఆ పరీక్షే కీకి కాపలాదారు కాగలదని 1991లో గుర్తించినవాడు ఆర్థర్ ఎకర్ట్.

ఎకర్ట్ పద్ధతిని గోదావరిఖని, హైదరాబాద్‌ల మధ్య అమర్చి చూడవచ్చు. జంట ఫోటాన్ల యంత్రాన్ని రాజీవ్ రహదారి మీద మధ్యలో ఉన్న సిద్దిపేటలో పెట్టారనుకుందాం. ప్రతి ఫోటాన్‌కూ గోదావరిఖనిలోని పరికరం 0, 22.5, 45 డిగ్రీల కోణాల్లో ఒకదాన్ని, హైదరాబాద్‌లోని పరికరం 22.5, 45, 67.5 డిగ్రీల్లో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని కొలుస్తాయి. ఆ తర్వాత ఏ ఫోటాన్‌కు ఏ కోణం వాడారో మాత్రం ఫోన్‌లో బాహాటంగా చెప్పుకుంటారు. మొత్తం తొమ్మిది జోడింపుల్లో రెండింటిలో కోణాలు ఒకటే. అక్కడ ఫలితాలూ ఒకటే కాబట్టి వాటిని బయటపెట్టకుండా కీకి వాడుకుంటారు. మరో నాలుగు జోడింపుల ఫలితాలను బయటపెట్టి పరీక్షకు వాడతారు. మిగిలినవి పక్కన పెడతారు.

ఆ నాలుగింటిలోనే కీలకం దాగి ఉంది. గోదావరిఖని కోణాలు 0, 45 డిగ్రీలను గో-1, గో-2 అనీ, హైదరాబాద్ కోణాలు 22.5, 67.5 డిగ్రీలను హై-1, హై-2 అనీ పిలుద్దాం. గో-1కు హై-1, హై-1కు గో-2, గో-2కు హై-2 పక్కపక్క కోణాలు, తేడా 22.5 డిగ్రీలే. ఈ మూడు జోడింపుల్లో ఫలితాలు కలవాలి. గో-1, హై-2 మాత్రం దూరంగా, 67.5 డిగ్రీల ఎడంలో ఉన్నాయి. అక్కడ ఫలితాలు విభేదించాలి.

ఫోటాన్లు జవాబులు ముందే రాసుకుని వచ్చాయనుకుంటే ఏం జరుగుతుంది? గో-1 జవాబు హై-1తో సమానం, అది గో-2తో సమానం, అది హై-2తో సమానం అయితే, గో-1, హై-2 కూడా సమానం కాక తప్పదు. కాబట్టి నాలుగో షరతు తప్పుతుంది. నాలుగోది నెగ్గాలంటే మొదటి మూడింటిలో ఒకటి ఓడాలి. ఎంత తెలివిగా జవాబులు రాసిపెట్టినా సగటున నాలుగింట మూడుకు, అంటే 75 శాతానికి మించి నెగ్గలేరు. ఎంటాంగిల్‌మెంట్‌లో ఉన్న ఫోటాన్లు 85 శాతం దాకా నెగ్గుతాయి. భౌతిక శాస్త్రవేత్తలు వాడే కొలమానంలో చెప్పాలంటే ముందే రాసిన జవాబుల హద్దు 2, క్వాంటమ్ హద్దు సుమారు 2.83.

కీకి భద్రత ఇక్కడే దొరుకుతుంది. దొంగకు జవాబులు తెలుసంటే అవి ఎక్కడో ఒకచోట ముందే రాసి ఉన్నట్టే. అలాంటి ఫోటాన్లు 75 శాతం దాటలేవు. గోదావరిఖని, హైదరాబాద్ ఫలితాలు 85 శాతం దగ్గర ఉంటే జవాబులు కొలత ముందు ఎవరి దగ్గరా లేవని అర్థం. సిద్దిపేట యంత్రాన్ని దొంగే తయారు చేసి ఇచ్చినా ఈ మాటలో మార్పు లేదు. అతను చెప్పుల జతలు పంపితే పరీక్షలో పట్టుబడతాడు. పట్టుబడకుండా ఉండాలంటే నిజమైన జంట ఫోటాన్లనే పంపాలి, అప్పుడు వాటి జవాబులు అతనికీ తెలియవు.

దీని వెనక ప్రకృతి నియమం ఒకటి ఉంది. రెండు కణాలు సంపూర్ణంగా జతకట్టాక మూడోదానికి ఆ బంధంలో చోటుండదు. మూడోది ఎంత చొరబడితే తొలి ఇద్దరి బంధం అంత సడలుతుంది. కాఫ్‌మన్, కుందు, వూటర్స్ 2000లో దీన్ని గణిత రూపంలో రాశారు. అందువల్ల పరీక్ష ఫలితం 85 శాతానికి ఎంత తగ్గిందో చూసి దొంగకు గరిష్ఠంగా ఎంత తెలిసి ఉండవచ్చో లెక్కకట్టవచ్చు. ఆ మేరకు కీని కుదించి, మిగిలినది వాడుకుంటారు. ఫైబర్‌లో, పరికరాల్లో వచ్చే మామూలు లోపాలను కూడా దొంగ ఖాతాలోనే వేయడం ఇక్కడి నియమం.

జవాబులు ముందే రాసి ఉండవని ప్రయోగాలు ఎన్నోసార్లు తేల్చాయి. 1982 నాటి అలాన్ ఆస్పె ప్రయోగం వాటిలో ముఖ్యమైనది. 2015లో డెల్ఫ్ట్, వియన్నా, అమెరికాలోని బౌల్డర్ బృందాలు మిగిలిన ప్రధాన లొసుగులనూ మూసివేశాయి. ఆస్పె, క్లౌజర్, వియన్నా బృందపు జైలింగర్‌లకు 2022 నోబెల్ బహుమతి ఈ కృషికే దక్కింది.

వాడని చోట కూడా

1992లో బెనెట్, బ్రసార్డ్, మెర్మిన్ మరో సులువైన రూపం ఇచ్చారు. జంట ఫోటాన్లనే వాడతారు, కానీ బెల్ పరీక్ష చేయరు. రెండు రకాల కోణాల్లో కొలిచి, కోణాలు కలిసినచోట ఎన్ని తప్పులు వచ్చాయో చూస్తారు. దీన్ని బీబీఎం92 అంటారు. కొలిచే పరికరాలను మాత్రం నమ్మాలి. తప్పులు సుమారు 11 శాతం లోపు ఉన్నంతవరకు కీ తీయవచ్చు.

హైదరాబాద్ తరహా పద్ధతులకూ ఎంటాంగిల్‌మెంట్‌తో లోలోపల చుట్టరికం ఉంది. బీబీ84 భద్రతకు పీటర్ షోర్, జాన్ ప్రెస్కిల్ 2000లో ఇచ్చిన రుజువు, ఆ పద్ధతిని ఊహలో జంట ఫోటాన్ల పద్ధతిగా మార్చి చూపడం మీదే నిలిచింది. అందిన ఫలితాలను ఎంటాంగిల్‌మెంట్ లేని ఫోటాన్లతో కూడా వివరించగలిగితే ఆ కీ సురక్షితం కాదని 2004లో మరో బృందం నిరూపించింది. ఏ క్వాంటమ్ కీకైనా ఎంటాంగిల్‌మెంటే గీటురాయి, పెట్టెలో అది ఉన్నా లేకపోయినా.

భారత్‌లో జంట ఫోటాన్లు

2022 జనవరి 27న అహ్మదాబాద్‌లో ఇస్రోకు చెందిన స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ కలిసి 300 మీటర్ల దూరంలోని రెండు భవనాల మధ్య బీబీఎం92ను నడిపాయి. రెండు చివర్ల గడియారాలను కలపడానికి మన నావిక్ ఉపగ్రహాల సంకేతాలు వాడారు. ఆ కీతో బొమ్మలు, రాత పంపారు, వీడియో కాల్ మాట్లాడారు. 2025 జూన్‌లో ఐఐటీ దిల్లీ, డీఆర్‌డీవో కలిసి క్యాంపస్‌లో గాలిలోంచే కిలోమీటరుకు పైగా దూరం జంట ఫోటాన్లతో కీ పంపిణీ చేశాయి. సెకనుకు దాదాపు 240 బిట్ల కీ వచ్చింది, తప్పులు 7 శాతం లోపే.

ఈ వేగం ఎంతో ఒక్క మాటతో తూచవచ్చు. కంప్యూటర్లలో మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు హల్లుకైనా, గుణింతపు గుర్తుకైనా, సున్నాకైనా ఒక్కోదానికి 24 బిట్లు పడతాయి. ‘సింగరేణి’ అన్న మాటలో అలాంటివి ఎనిమిది, మొత్తం 192 బిట్లు. ప్రతి బిట్‌కూ ఒక కొత్త కీ బిట్ వాడితే, ఎంతటి కంప్యూటర్‌తోనూ విప్పలేని విధంగా ఆ మాటను పంపడానికి దిల్లీ వేగంతో సెకను కూడా పట్టదు. 2020లో ప్రచురించిన ప్రయోగంలో చైనా ఉపగ్రహం మిసియస్ 1120 కిలోమీటర్ల దూరంలోని రెండు కేంద్రాలకు జంట ఫోటాన్లు పంపినప్పుడు వచ్చిన కీ సెకనుకు 0.12 బిట్లు. ఆ లెక్కన ‘సింగరేణి’ చేరడానికి దాదాపు 27 నిమిషాలు కావాలి. అందుకే ఆచరణలో ఎక్కువగా 256 బిట్ల కీ ఒకటి తయారు చేసుకుని, దాంతో ఏఈఎస్ వంటి మామూలు పద్ధతిలో బోలెడు సమాచారాన్ని మరుగుపరుస్తారు.

దూరం దగ్గరే తంటా

మంచి ఆప్టికల్ ఫైబర్‌లో అనువైన తరంగదైర్ఘ్యం వద్ద కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్‌ల కాంతి పోతుంది. గోదావరిఖని నుంచి హైదరాబాద్‌కు 200 కిలోమీటర్ల ఫైబర్ అనుకుంటే నష్టం 40 డెసిబెల్‌లు. పదివేల ఫోటాన్లు బయల్దేరితే ఒకటి చేరుతుంది. సిద్దిపేట నుంచి రెండు వైపులా పంపితే ఒక్కో వైపు నూటికి ఒకటి చేరుతుంది. జంటలోని రెండూ చేరితేనే పనికొస్తుంది కనుక లెక్క మళ్లీ పదివేలకు ఒకటే. మామూలు ఫోన్ లైన్లలోలా మధ్యలో సంకేతాన్ని పెంచుకునే వీలు లేదు. ఫోటాన్‌కు నకలు తీయలేకపోవడమే దానికి కారణం.

ఇప్పటికి ఉన్న మార్గం దారి పొడవునా నమ్మకమైన కేంద్రాలు పెట్టి, కీని ఒకచోటి నుంచి మరోచోటికి మార్చుకుంటూ వెళ్లడం. 2017లో పూర్తయిన బీజింగ్–షాంఘై లైన్ 2000 కిలోమీటర్లు అలాగే సాగుతుంది. అయితే ప్రతి కేంద్రంలోనూ కీ బయటపడి ఉంటుంది. అక్కడి సిబ్బందినీ గదినీ నమ్మాలి.

ఎంటాంగిల్‌మెంట్ ఇక్కడా వేరే దారి చూపుతుంది. గోదావరిఖని–సిద్దిపేట మధ్య ఒక జంట, సిద్దిపేట–హైదరాబాద్ మధ్య మరో జంట ఉంటే, సిద్దిపేటలోని రెండు ఫోటాన్లను కలిపి ఒక ప్రత్యేక కొలత చేయవచ్చు. దాంతో ఎన్నడూ కలవని గోదావరిఖని, హైదరాబాద్ ఫోటాన్లు జతకడతాయి. 1993లో ప్రతిపాదించిన ఈ ఎంటాంగిల్‌మెంట్ మార్పిడిని 1998లో ప్రయోగంలో చూపారు. సిద్దిపేటకు కీ తెలియదు. దీన్ని చాలా దూరాలకు నడపాలంటే ఒక వైపు జంట సిద్ధమయ్యేదాకా రెండో వైపు స్థితిని చెదరకుండా దాచే క్వాంటమ్ మెమరీలు కావాలి. వాటి అభివృద్ధి ఇంకా ప్రయోగశాలల్లోనే ఉంది.

పరికరాన్నే నమ్మకపోతే

సిద్ధాంతం పక్కాగా ఉన్నా పెట్టె లోపల లోపాలుండవచ్చు. 2010లో కొందరు శాస్త్రవేత్తలు మార్కెట్లో అమ్ముతున్న క్వాంటమ్ కీ యంత్రాల డిటెక్టర్ల మీదకు ప్రకాశవంతమైన కాంతి పంపి, వాటిని తాము చెప్పినట్టు ఆడించారు. ఇలా కీ మొత్తం చేజిక్కించుకున్నా తప్పుల సంఖ్య పెరగదని చూపారు. బెల్ పరీక్షను లోటు లేకుండా చేస్తే ఇలాంటి మోసమూ పట్టుబడుతుంది. ఆ పరీక్ష పెట్టె లోపల ఏముందో అడగదు, మీట నొక్కితే వచ్చిన ఫలితాలనే చూస్తుంది. 2022లో ఆక్స్‌ఫర్డ్ బృందం రెండు మీటర్ల ఎడంలోని స్ట్రాన్షియం అయాన్లతో ఇలా కీ తీసింది. మ్యూనిక్ బృందం 400 మీటర్ల ఎడంలోని పరమాణువుల మధ్య ఆ పద్ధతికి సరిపడే నాణ్యత సాధించింది. వేగం, దూరం ఇంకా వాడుకకు చాలవు.

ఎంటాంగిల్‌మెంట్ తీర్చలేని అవసరాలూ ఉన్నాయి. కోణాలు చెప్పుకునే ఫోన్‌లో అవతల ఉన్నది నిజంగా హైదరాబాద్‌వారేనని తేల్చుకోవడానికి మొదట ఇద్దరి దగ్గరా చిన్న రహస్యమో, నమ్మదగిన డిజిటల్ సంతకమో ఉండాలి. ఫైబర్‌ను ఎవరైనా తెంపితే కీ ఆగిపోతుంది. కీ చేరాక కంప్యూటర్‌లోంచి దొంగిలిస్తే ఫోటాన్లు కాపాడలేవు. మరోవైపు, క్వాంటమ్ కంప్యూటర్లకూ లొంగవని భావిస్తున్న కొత్త గణిత పద్ధతులను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. మామూలు ఫోన్లు, వెబ్‌సైట్లు వాటితోనే నెట్టుకురాగలవు. ప్రత్యేక ఫైబర్ ఖర్చు భరించగల రక్షణ, బ్యాంకింగ్, విద్యుత్ గ్రిడ్ వంటి రంగాలు క్వాంటమ్ కీలనూ, ఈ గణిత పద్ధతులనూ కలిపి వాడే అవకాశం ఉంది.

2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం 6003.65 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్ 2030-31 దాకా సాగుతుంది. ఉపగ్రహం ద్వారా, ఫైబర్ ద్వారా 2000 కిలోమీటర్ల దూరాలకు క్వాంటమ్ భద్రత, క్వాంటమ్ మెమరీలతో కూడిన నెట్‌వర్క్ దాని లక్ష్యాల్లో ఉన్నాయి. మధ్య కేంద్రాలను నమ్మాల్సిన అవసరం తొలగేది ఆ మెమరీలు పనిచేసినప్పుడే. అప్పటివరకు దూరపు లైన్లలో భద్రత కొంత భౌతిక సూత్రాల మీద, కొంత కేంద్రాలకు కాపలా ఉన్నవారి మీద ఆధారపడుతుంది.